మార్చి నెలాఖరు అమ్మకాలు

2018 ఏప్రిల్‌లో ఒక షేర్ బ్రోకింగ్ సంస్థ కరీంనగర్ శాఖకు మేనేజర్‌గా బదిలీ అయ్యాను. అంతకుముందు పదహారేళ్లు అదే సంస్థ హైదరాబాద్ కార్యాలయంలో కంపెనీల లెక్కలు చదివి నివేదికలు రాసే విభాగంలో పనిచేశాను. శాఖ పని వేరు. పైన జోనల్ మేనేజర్ ఉంటాడు. నెలకింత వ్యాపారం అని లక్ష్యం పెడతాడు. ఖాతాదారులకు ఏ షేర్లు చెప్పాలో ప్రతి సోమవారం ఒక జాబితా పంపుతాడు. దాని పేరు ‘బలమైన వృద్ధి షేర్లు’. అమ్మకాలూ లాభాలూ తోటి కంపెనీలకన్నా వేగంగా పెరిగే కంపెనీ షేరును వృద్ధి షేరు అంటారు. నిర్వచనం సరైనదే. అయితే అమ్మకం అని దేన్ని అంటున్నారో ఆ జాబితా తయారుచేసేవారెవరూ అడగరు.

ఆ ఏడు మే నెలాఖరున రాజమల్లు మా ఆఫీసుకు వచ్చాడు. మంథని పక్క ఊరు. దుబాయిలో పదకొండేళ్లు క్రేన్ నడిపి, నలభై ఆరో ఏట తిరిగి వచ్చాడు. చేతిలో పద్నాలుగు లక్షలు ఉన్నాయి. మళ్లీ గల్ఫ్ మొహం చూడకుండా ఆ డబ్బుతో ఇంటిపట్టున బతకాలన్నది ఆయన కోరిక. మా జాబితాలో మొదటి పేరు ఒక విత్తన కంపెనీది. దాన్నే కొంటానన్నాడు. ఎందుకని అడిగాను.

“ఎందుకేంది సార్? మా ఊరంత గా కంపెనీకే ఆడ-మగ వరి పెడుతది. మొన్న మార్చిల లారీ ఎన్క లారీ. రోడ్డు దాటుదామంటే సందు దొరకలే. గిది పెరుగుడు కాదా మరి?”

సంకర విత్తనం కోసం రెండు రకాల వరిని పక్కపక్క వరుసల్లో నాటే సాగును మా వైపు ఆడ-మగ వరి అంటారు. ఉత్తర తెలంగాణలో సగం ఊళ్లకు ఈ సాగు పరిచయమే. అందుకే విత్తన కంపెనీ అంటే ఇక్కడివారికి తమ పొలం గట్టు మీద ఉన్నట్టే ఉంటుంది. కళ్లముందు పంట, కళ్లముందు లారీ. ఇక వార్షిక నివేదికతో పనేముందనుకుంటారు. నేను వారం గడువు అడిగాను. “చూడుండ్రి సార్, గని రేటు ఉరుకుతుంది,” అని వెళ్లిపోయాడు.

మూడేళ్ల నివేదికలు ముందు పెట్టుకున్నాను. అమ్మకాలు 120 కోట్ల నుంచి 165కు, అక్కడి నుంచి 230కి పెరిగాయి. జాబితా తయారుచేసినవారు ఇక్కడే ఆగిపోయారు. అదే మూడేళ్లలో డీలర్ల నుంచి రావలసిన బాకీలు 38 కోట్ల నుంచి 79కి, తర్వాత 148కి చేరాయి. బిల్లు రాసిన నాడే లాభనష్టాల ఖాతాలో అమ్మకం నమోదవుతుంది. డబ్బు నిజంగా వచ్చిందా లేదా అన్నది నగదు ప్రవాహ పట్టిక చెబుతుంది. ఆ పట్టికలో వ్యాపారం నుంచి వచ్చిన నగదు మూడేళ్లూ మైనస్‌లోనే ఉంది. ఆ లోటును బ్యాంకు అప్పుతో పూడ్చారు. చివరి ఏడాది 230 కోట్లలో 131 కోట్లు ఒక్క జనవరి–మార్చి మధ్యే అమ్మినట్టు చూపారు. వానాకాలం విత్తనం రైతు కొనేది జూన్‌లో. మార్చిలో కొన్నదెవరు?

ఆదివారం మంథని వెళ్లి విత్తనాల డీలర్ ఓదెలును అడిగాను. ఆయన నవ్వి, గోదాం షట్టర్ ఎత్తాడు. పైకప్పు దాకా సంచులు.

“మేం అడిగినమా సార్? మార్చి ఆఖరుకు వాళ్లే దింపి బిల్లు చేతుల పెడుతరు. అమ్ముడువోతే పైసలు, లేకుంటే ఆగస్టుల సంచులు వాపస్. అమ్మకమెక్కడిది? కిరాయి లేని గోదాం దొరికింది గాళ్లకు!”

విత్తన వ్యాపారంలో సరుకు ముందే డీలర్ల దగ్గర పెట్టడం, మిగిలింది వెనక్కు తీసుకోవడం పాత పద్ధతే. అందులో దోషం లేదు. తిరిగి రాబోయే సంచిని కూడా అమ్మకమని రాసి, దాన్ని వృద్ధి అని మదుపరులకు చూపడం దోషం. మర్నాడే రెండు పేజీల నోట్ రాసి జోనల్ మేనేజర్‌కు పంపాను. ఆయన ఫోన్ చేశాడు. “మిమ్మల్ని పంపింది షేర్లు అమ్మడానికండీ, సంచులు లెక్కపెట్టడానికి కాదు,” అన్నాడు. నోట్‌లో ఏ అంకె తప్పో చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాడు. ఆ షేరు జాబితాలో మొదటి స్థానంలోనే ఉండిపోయింది.

సెప్టెంబరు దాకా ఆగమని, సరుకు వాపసుల లెక్క తేలాక నిర్ణయించుకోవచ్చని రాజమల్లుకు చెప్పాను. సరేనన్నాడు. జూన్ నెలాఖరున ఖాతాల వివరాలు చూస్తుంటే ఆయన పేరు మీద ఆ కంపెనీవే 2,912 షేర్లు కనిపించాయి. 412 రూపాయల చొప్పున 11,99,744 రూపాయలు. కొనుగోలు ఆర్డర్ జోనల్ ఆఫీసులో పడింది. ఫోన్ చేస్తే రాజమల్లు నొచ్చుకుంటూ మాట్లాడాడు.

“పరేషాన్ గాకుండ్రి సార్. పెద్దాఫీసోళ్లే ఫోన్ చేసిండ్రు. మీ మేనేజర్ మంచోడే గని పిరికోడు, ఆయన మాట వింటే ముసలోనివైతవ్ అన్నరు.”

నా శాఖ ఖాతాదారుకు నాకు తెలియకుండా ఫోన్ చేసి, నేను రాతపూర్వకంగా వద్దన్న షేరును ఆయనకు అంటగట్టారు. అక్టోబరు నెలాఖరున వచ్చిన ఫలితాల్లో వాపసుల భారం బయటపడింది. షేరు వరుసగా లోయర్ సర్క్యూట్‌లో పడింది. ఒక రోజులో ధర ఇంతకన్నా పడకూడదని ఎక్స్ఛేంజి పెట్టే హద్దు అది. ఆ హద్దు తాకాక కొనేవాడుండడు, కాబట్టి అమ్మలేం. డిసెంబరులో 96 రూపాయలకు అమ్ముడుపోయాయి. చేతికి వచ్చింది 2,79,552. పోయింది 9,20,192. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ అర శాతం చొప్పున మా సంస్థ తీసుకున్న కమీషన్ 7,396 రూపాయల 48 పైసలు. ఆ కమీషనైనా వెనక్కి ఇవ్వమని రాశాను. ఇవ్వలేదు.

ప్రధాన కార్యాలయానికి ఫిర్యాదు చేశాను. ఖాతాదారు ఫోన్‌లో ‘సరే’ అన్న రికార్డు భద్రంగా ఉందని, సంస్థ నిబంధనలు పాటించిందని జవాబు వచ్చింది. ఆయన సరే అనేముందు ఆయనకు ఏం చెప్పారో ఆ జవాబులో ఒక్క ముక్క లేదు. జోనల్ మేనేజర్‌కు ఏప్రిల్‌లో పదోన్నతి వచ్చింది. నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. రాజమల్లు రెండేళ్ల వీసా మీద మళ్లీ దుబాయి వెళ్లాడు.

ఇప్పుడు వృద్ధి షేరు గురించి ఎవరు అడిగినా, అమ్మకాల పట్టికను అన్నిటికన్నా చివర చూడమంటాను. మొదట నగదు ప్రవాహం చూడాలి. తర్వాత బాకీలు అమ్మకాలకన్నా వేగంగా పెరుగుతున్నాయా అన్నది. ఆ తర్వాత ఏ మూడు నెలల్లో అమ్మకం ఎక్కువగా చూపారు, ఆ నెలల్లో ఆ సరుకు నిజంగా కొనేవారెవరు అన్నది. ఈ మూడూ తేలాకే ధర గురించి మాట. షేరు కొనమని చెప్పేవారికి కొన్నా అమ్మినా కమీషన్ ముడుతుంది, నష్టంలో వాటా ఉండదు. కాబట్టి ఈ లెక్కలు కొనేవారే చూసుకోవాలి.