దాహం లేకుండా అడిగిన మంచినీళ్లు

తెనాలిలో ప్యాసింజరెక్కి స్నేహలత రేపల్లెలో దిగిందంటే ఆమె వార్డులో అల్లకల్లోలమే. "దోమలమ్మొచ్చింది, తొట్లు బోర్లించండే!" అని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కబురు పాకేది. పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. పేరు పెద్దదే గానీ అధికారం గేటు దాకానే. ఇంటివాళ్లు వద్దంటే లోపల అడుగు పెట్టకూడదు. ముందు నోటీసివ్వాలి, గడువు తీరాలి, అదీ పగటిపూటే వెళ్లాలి. దోమకు ఈ బాధలేవీ లేవు. ఆమెకు ముందు పనిచేసినాయన ఒకసారి గోడ దూకి కోర్టు మెట్లెక్కాడు. అందుకని స్నేహలత గోడల జోలికి పోకుండా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్ముకుంది.

కనకదుర్గ గేటు దగ్గర ఆ నోరు పనిచేయలేదు. చీరలకు ఫాల్స్ కుట్టుకునే మనిషి. కిందటి నెల ఒక్కగానొక్క కూతురు నాగదుర్గ విషజ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఆ గేటు ఎవరికీ తెరుచుకోలేదు. బాపట్ల నుంచి పురిటికని పక్కింట్లోని తన పుట్టింటికి వచ్చిన ఏంజెల్ ఒకరోజు స్నేహలతను పిలిచి చెప్పింది.

"మా డాబా మీంచి కనపడుద్ది మేడమ్. పెరట్లో నీళ్ల డ్రమ్ము, దాని మీద ఆ పిల్ల చున్నీ. రోజూ పిన్నిగారు చున్నీ తీసి అందులోకే చూస్తా కూర్చుంటారండి."

అప్పటికే ఆ వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. స్నేహలత గేటు బయట నుంచే బతిమాలింది. "నా ఇల్లు నా ఇష్టం. వెళ్లమ్మా," అంది కనకదుర్గ. చేసేది లేక నోటీసు అంటించింది. దాని గడువు తీరకముందే నిండు చూలాలు ఏంజెల్‌కు జ్వరమొచ్చి తెనాలి ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఆ మధ్యాహ్నం స్నేహలత మళ్లీ ఆ గేటు ముందు నిలబడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మెడలోని గుర్తింపు కార్డు తీసి సంచిలో వేసుకుంది.

"పిన్నిగారూ, ఎండకు కళ్లు తిరుగుతున్నాయండి. కాసిని మంచినీళ్లిస్తారా?"

ఆఫీసరమ్మను పొమ్మనొచ్చు గానీ, దాహమన్న మనిషిని గేటు బయట నిలబెట్టే ఇల్లు ఆ వీధిలో లేదు. కనకదుర్గ గేటు తీసి, అరుగు మీద కూర్చోమని వంటింట్లోకి వెళ్లింది. స్నేహలత కూర్చోలేదు. నేరుగా పెరట్లోకి నడిచి చున్నీ ఎత్తింది. నీళ్ల నిండా పురుగులు. వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయాయి.

వెనక కనకదుర్గ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"కుళాయొచ్చినప్పుడు నా పిల్ల పట్టిన నీళ్లమ్మా అవి. ఆ సాయంత్రమే మంచం పట్టింది. అది పోయాక అందులో ఏదో కదలడం మొదలెట్టింది. నేను గుడ్డ తీస్తే చాలు, లోపలికెళ్లి దాక్కుంటది. చిన్నప్పుడు నా దుర్గ కూడా అంతే, పిలిస్తే దాక్కునేది."

స్నేహలత చున్నీ మడిచి పక్కన పెట్టింది. "అవి దోమపిల్లలండి, పిన్నిగారూ."

"ఇట్టాంటివేనా నా పిల్లని పొట్టన పెట్టుకుంది?"

కాదంటే ఆ నీళ్లు అక్కడే ఉంటాయి. "అవునండి," అంది స్నేహలత.

కనకదుర్గ గ్లాసు కింద పెట్టి, డ్రమ్మును తనే రెండు చేతులా ఒరిగించింది. ఎండిన నేల మీద పురుగులు కాసేపు గిలగిల్లాడాయి. అవి ఆగే దాకా ఆమె కదల్లేదు. తర్వాత గ్లాసు తీసి స్నేహలత చేతికిచ్చింది.

"దాహమన్నావుగా. తాగమ్మా."

తాగింది. చుక్క మిగల్చలేదు.

ఏంజెల్ బతికి, ఆడపిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చింది. స్నేహలత మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కనకదుర్గ గేటు ఇప్పుడు పగలంతా తెరిచే ఉంటుంది. లోపల దాచుకోవడానికి ఆమెకిక ఏమీ లేదు.

స్నేహలత మాత్రం ఎంత ఎండలో తిరిగినా ఎవరింటి ముందూ మంచినీళ్లు అడగదు. ఏ తొట్టి మూత ఎత్తినా, వెలుతురుకు బెదిరి పురుగులు అడుగుకు దిగుతుంటే, మందు చల్లబోయే చెయ్యి ఆగిపోతుంది. "దుర్గా" అని పిలవబోయి నోరు మూసుకుంటుంది.