ముందు సంగతులు చదివించిన సీనియర్

మా సీనియర్ పోయారని మంగళవారం పొద్దున ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయారట. చింతాద్రిపేటలో వాళ్ల ఇంటి కింది గదిలో, ఆమె దగ్గర జూనియర్ లాయరుగా పదకొండేళ్లు పనిచేశాను.

ఆమెకో అలవాటు ఉండేది. మేం ఏ పాత తీర్పు తెచ్చినా, మొదట్లో ఉండే హెడ్‌నోట్ మీద, అంటే తీర్పు సారాంశం మీద, ఒక తెల్లకాగితం పెట్టి క్లిప్పు తగిలించేవారు. "ముందు ఎవురు ఎవురితో ఎందుకు తగాదా పడినారో చదువు. సూత్రం యాడికీ పోదులే" అనేవారు. వాళ్ల తెలుగు కుటుంబం ఈ అరవ ఊళ్లో ఎన్ని తరాలుగా ఉందో ఆమెకే తెలియదు. విజయవాడ నుంచి వచ్చిన నేను మాటకోసారి "అండి" అంటుంటే, "ఆ అండీలన్నీ జడ్జి కోసం దాచిపెట్టుకో" అని నవ్వేవారు.

ఆ కాగితం ఎందుకో నాకు ఒక నర్సింగ్ విద్యార్థిని కేసులో తెలిసింది. అమ్మాయిది ఊరి శివారున ఉన్న మనలి. కాలేజీ సీటిచ్చి మూడేళ్లు చదివించింది. నాలుగో ఏడు, పరీక్షలకు పన్నెండు రోజుల ముందు, ప్లస్ టూలో ఒక సబ్జెక్టులో మార్కులు రూలు కన్నా తక్కువని యూనివర్సిటీ హాల్‌టికెట్ ఆపేసింది. పరీక్ష పోతే నాలుగేళ్లూ పోయినట్టే.

చట్టంలో ఎస్టాపెల్ అని ఒక సూత్రం ఉంది. ఒకరి మాట నమ్మి ఇంకొకరు అడుగు ముందుకు వేశాక, మాట ఇచ్చినవారు వెనక్కి పోకూడదు. ఒక ఫ్యాక్టరీకి రాయితీ ఇస్తామని చెప్పి ప్రభుత్వం మాట తప్పిన కేసులో ఆ సూత్రం గురించి బ్రహ్మాండమైన వాక్యాలున్నాయి. కాగితం పైకెత్తి, హెడ్‌నోట్‌లోంచే వాటిని ఎత్తి రాశాను.

ఆమె చదివి కళ్లజోడు నుదుటి మీదికి తోశారు.

"ఫ్యాక్టరీకి రాయితీ ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉండిందా?"

"ఉందనుకుంటానండి."

"అనుకుంటావా. సరి. ఈడ కాలేజీకి రూలు సడలించే అధికారం ఉండాదా?"

నేను రూల్సు పుస్తకం అందుకునేలోగా ఆమే జవాబు చెప్పారు.

"లేదు. చట్టానికి ఎదురుగా ఎస్టాపెల్ నిలవదని ఎదుటి లాయరు రెండు నిమిషాల్లో నిన్ను కూర్చోబెడతాడు. సూత్రం ఒకటేమ్మా. ఫ్యాక్టరీ కాడ ఒక మాదిరి, బాడుగింటి కాడ ఒక మాదిరి, చదువుకునే పిల్ల కాడ ఇంకో మాదిరి పనిచేస్తాది. పిల్ల ఏమన్నా దాచిందా? ఆడ చూడు."

చూశాను. దాచలేదు. దరఖాస్తులో ఆ తక్కువ మార్కులు తన చేత్తోనే రాసింది. కాలేజీ చూసింది, యూనివర్సిటీ చూసి మూడుసార్లు హాల్‌టికెట్ ఇచ్చింది. విద్యార్థుల కేసులు వెతికితే, కోర్టులు పదేపదే అడిగిన ప్రశ్న కూడా అదే: మోసం చేసిందెవరు, తనిఖీ చేయాల్సిందెవరు? డ్రాఫ్టు మళ్లీ మొదటి నుంచి రాశాను.

"మీరే వాదించండి మేడమ్, నాకు అనుమానంగా ఉంది" అన్నాను.

"అనుమానం ఉండేవాళ్లే కాయితాలు సరిగా చదివేది. కోర్టులో నువ్వే లెయ్."

కాలేజీకి రూలు సడలించే అధికారం ఉందా అని, జడ్జిగారు ఆమె అడిగిన ప్రశ్నే వేశారు. సూత్రం అంతదూరం రాదని ఒప్పుకున్నాను. కానీ తనిఖీ చేయాల్సినవాళ్లు మూడేళ్లు పట్టించుకోకపోతే, నిజం రాసిన పిల్ల ఆ శిక్ష మోయాలా అని అడిగి, దరఖాస్తులో మార్కులు రాసిన రెండో పేజీ చూపించాను. వెనక కుర్చీలో ఆమె ఒక్కసారి కూడా లేవలేదు. పరీక్ష రాయనివ్వమని ఉత్తర్వు వచ్చింది. తరవాత తుది తీర్పూ ఆ దారినే వచ్చింది.

నాకు ఇప్పటికీ ప్రతి కేసులో అనుమానమే. ఒక్క సంగతిలో మాత్రం లేదు. ఒకచోట పుట్టిన సూత్రాన్ని కోర్టు ఇంకోచోటికి తెచ్చేటప్పుడు, అక్కడి మనుషులు ఏం చేశారో చూస్తుంది. చూడకపోతే చూపించడం మన పని. అది నాకు నేర్పింది ఆమె.

పరీక్ష ఉత్తర్వు వచ్చిన ఆ మధ్యాహ్నం, దాని కాపీ కోసం కోర్టులోనే ఎదురుచూశాం. పరీక్ష మర్నాడే. అమ్మాయి మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది. పై అంతస్తు నుంచి నల్లకోట్లు గుంపుగా దిగుతున్నాయి. మా సీనియర్ అమ్మాయికి పై మెట్టు మీద, లాయరు గౌను అంచులు రెండు చేతులా పట్టుకుని నిలబడి, పిల్ల చదువుకుంటోంది పక్కగా పొమ్మని వచ్చినవారికల్లా అరవంలో చెబుతున్నారు. గుంపు రెండు పాయలై దిగిపోతోంది. అమ్మాయి తల ఎత్తకుండానే పేజీ తిప్పింది.