మా నాయన దిద్దిన టైంటేబుల్

ఆర్థిక సంస్కరణలన్న మాట పేపర్లలో కొత్తగా కనబడుతున్న రోజుల్లో వేలూరులో సందుకొక కోచింగ్ సెంటర్ వెలిసింది. లా కాలేజీ ప్రవేశ పరీక్షకు తయారు చేస్తామని బోర్డు పెట్టిన ఒకదాంట్లో నేనూ చేరాను. మా నాయన గుడియాత్తంలో తాపీ మేస్త్రి. "ఒక్క తూరి రాసి సూడప్పా. సీటు రాలేదంటే నాతో పనికి వచ్చేయాల" అని ముందే తేల్చేశాడు.

కోచింగ్ మాస్టారు ఆ పరీక్ష ప్రశ్నపత్రాన్ని కంటితో చూసినట్టు కూడా లేడు. మొదటి రోజే అందరికీ ఒకే జిరాక్సు టైంటేబుల్ పంచాడు. నాలుగున్నరకు లేవడం, పది నిమిషాలు పళ్ళు తోమడం, అరగంట ధ్యానం. ఆ పరీక్షకు ప్రాణమైన చట్టం ప్రశ్నలకు మాత్రం భోజనమయ్యాక పావుగంట. పళ్ళకంటే చట్టానికి అయిదు నిమిషాలు ఎక్కువిచ్చిన మహానుభావుడు! ఇదేమిటని అడిగాను.

"నీకెవురు చెప్పినారు తంబీ, చట్టం ముఖ్యమని?"

"లైబ్రరీలో పాత ప్రశ్నపత్రాలు చూసినాను సార్."

"లైబ్రరీలో చదివితే లైబ్రేరియన్ అవుతావు, లాయరు కావు."

క్లాసంతా నవ్వింది. పన్నెండో రోజున మానేశాను. బడిలో తమిళమే చదివి, తెలుగు అక్షరాలు కూడా లైబ్రరీలోనే సొంతంగా నేర్చుకున్నవాణ్ణి, నాకు ఇతనెందుకు?

మా ఊరి లైబ్రరీలో కూర్చుని, పరీక్షకు మిగిలిన మూడు నెలలకు నా టైంటేబుల్ నేనే రాసుకున్నాను. రాజ్యాంగం, చరిత్ర, ఇంగ్లీషు, తర్కం, రోజుకిన్ని పేజీలని. నెల తిరిగేసరికి గోడ మీది కాగితం నిండా టిక్కులే. మా నాయనకు చదవడం రాదు. ఒకరోజు దాన్ని చదివి వినిపించమన్నాడు. గర్వంగా చదివాను.

"దినామూ గోడ కట్టుబడేనా? నీళ్ళు పోసేది యాడుండాది?"

"నీళ్ళేంది నాయనా?"

"తడపకుండా వరస మీద వరస ఎత్తుకుంటా పోతే గోడ నిలుస్తాదా? పని ఆపి, తడిపి, తట్టి సూడాల గదా?"

సిమెంటు మనిషికి చదువు సంగతేం తెలుసని లోపల నవ్వుకున్నాను. అయినా, ఆయన వెళ్ళాక పుస్తకం మూసి, రెండు వారాల కిందట చదివిన ప్రాథమిక హక్కులను కాగితం మీద రాయబోయాను. మూడో హక్కు దగ్గరే పెన్ను ఆగిపోయింది. మాస్టారి టైంటేబుల్‌ను అంత తప్పుబట్టిన నేను కట్టింది కూడా పచ్చిగోడే.

ఆ కాగితం చించేశాను. కొత్తదాంట్లో మూడు రోజులు చదువు, నాలుగో రోజు కొత్త పేజీ ముట్టకూడదు. పుస్తకం మూసి గుర్తున్నదంతా రాయాలి, తప్పినచోటే మళ్ళీ చదవాలి. ఆదివారం అలారం పెట్టుకుని రెండు గంటల్లో పూర్తి ప్రశ్నపత్రం. చట్టం ప్రశ్నలో నా అభిప్రాయం పక్కనబెట్టి, ప్రశ్నలోనే ఇచ్చిన సూత్రాన్ని బట్టి జవాబు రాయడం. మొదటి ఆదివారం సగం ప్రశ్నలు మిగిలిపోయాయి. చివరి ఆదివారం నాలుగే మిగిలాయి.

పరీక్ష అయ్యాక లా కాలేజీ నుంచి ఉత్తరం వచ్చిన రోజు మా నాయన పనికి బయల్దేరుతున్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చెప్పాను.

"ఇంగోతూరి చదువు."

చదివాను.

"సీటు ఇచ్చినామనే గదా రాసిండేది?"

"అవును నాయనా."

"ఒడుగత్తూరులో ఇల్లు కట్టే పనికి నిన్నే అనుకోనుంటి. ఇంగో మనిషిని సూడాల" అని చెప్పులు తొడుక్కున్నాడు.