మాస్టారి మసక ఫోటోలు

ఆయన్ని అందరూ పళ్ళ మాస్టారు అంటారు. ఏ బడిలోనూ ఎవరికీ పాఠం చెప్పిన పాపాన పోలేదు. హార్డ్‌వేర్ దుకాణం పైఅంతస్తులో ఉన్న పళ్ళ ల్యాబులో కిటికీ పక్కన బల్ల వేసుకుని కట్టుడుపళ్ళు చేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ తీస్తాడు. దానిమీద మైనంతో చిగురు కట్టి, ఒక్కొక్క పన్నునూ పసిపిల్లని నిలబెట్టినట్టు నిలబెడతాడు. ఆఖరికి గులాబీరంగు ప్లాస్టిక్కులో పోత పోసి, అంచులు అరగదీసి, అద్దంలా మెరుగుపెడతాడు. ఆయన చేసిన పళ్ళతో ఎందరో నవ్వారు, కొందరు ఆయన్నే తిట్టారు కూడా. ఆయన ముందుపన్ను ఊడి మాత్రం ఏళ్ళయింది. కట్టుకోవచ్చు కదా అంటే, "నాకంత తీరికెక్కడ ఏడిసింది?" అని ఆ సందులోంచే నవ్వుతాడు.

చేసిన ప్రతి సెట్టునూ నల్లగుడ్డ మీద పెట్టి, అన్ని వైపులనుంచీ ఫోటోలు తీసి డాక్టరుకి పంపడం ఆయన అలవాటు. డాక్టరు సరేనంటేనే పెట్టెలో సర్దుతాడు. ఆ ఫోటోలతో ఫోను కిక్కిరిసిపోయి, చోటు లేదని రోజూ మొరాయించేది.

"బాబు ఫోటో ఒక్కటి పంపిస్తే పట్టదు కానీ ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ పడతాయి నీ ఫోనులో," అని విసుక్కుని, ఒక ఆదివారం కూతురు అందులో ఒక యాప్ వేసిపెట్టింది. ఫోటోలన్నిటినీ అదే క్లౌడ్‌లోకి పంపుకుంటుందట. మొహాలు గుర్తుపట్టి ఎవరివి వాళ్ళకి వేరుచేస్తుందట. బాగాలేనివి ఏరి చూపిస్తుందట. "ఇక అన్నీ అదే చూసుకుంటుంది నాన్నా, నువ్వు గుండెలమీద చెయ్యేసుకుని పడుకో," అంది.

చూసుకుంది కూడా. వారం తిరక్కుండానే, 'మీ మధురమైన చిరునవ్వులు' అంటూ ఓ ఆల్బమ్ తయారుచేసి, వెనకాల వయొలిన్ కూడా వాయించింది. అన్నీ నల్లగుడ్డ మీది కట్టుడుపళ్ళే. ఒక్కదానికీ పైన ముక్కు లేదు, కళ్ళు లేవు. మాస్టారి భార్య కడుపుబ్బ నవ్వి, అంతలోనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపండి బాబూ, మనుషుల్లేకుండా ఇంతమంది నవ్వుతుంటే నాకు భయంగా ఉంది!"

ఇంకోసారి ఆ యాప్ ఓ ప్లాస్టర్ దవడ చూపించి, 'ఈమె ఎవరు? పేరు పెట్టండి' అని అడిగింది. "మా అత్తగారి పేరు పెట్టండి. పోయేదాకా నోరు మూస్తే ఒట్టు," అందావిడ. ఆ రోజుల్లో ఫోను తీస్తే ఇంట్లో నవ్వులే.

ఆ తరవాత యాప్ కొత్త పాట ఎత్తుకుంది. 'ఈ ఫోటోలు మసకగా ఉన్నాయి. తీసేయమంటారా?' మొదట్లో ఒకటీ అరా ఉండేవి. మాస్టారు తీసేశాడు. రానురాను గుప్పెడు గుప్పెడుగా చూపించసాగింది. పళ్ళవీ, మనవడివీ, గుమ్మంలో పడుకున్న పిల్లిదీ, తేడా లేకుండా అన్నీ అలికేసినట్టు ఉన్నాయి. కెమెరా అద్దాన్ని స్పిరిట్ దూదితో తుడిచాడు. ఫోను కంపెనీని నోరారా తిట్టాడు. ఆఖరికి మొబైల్ షాపుకి పట్టుకుపోయాడు.

షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి, మాస్టారి మొహానికి గురిపెట్టి టక్కున నొక్కాడు. మీసంలో నెరిసిన వెంట్రుకలతో సహా తేటగా వచ్చింది.

"ఫోను లక్షణంగా ఉంది మాస్టారూ. తీసేటప్పుడు మీరే కదుపుతున్నట్టున్నారు."

మాస్టారు ఫోను జేబులో వేసుకున్నాడు, దానితోపాటు లోపలికి వెళ్ళిన కుడిచెయ్యిని ఇంటికొచ్చేదాకా బయటికి తియ్యలేదు. ఆయనకి బొత్తిగా తెలియదని కాదు. మైనంకత్తి పట్టినప్పుడల్లా మోచెయ్యి బల్లకి ఆనించడం ఎప్పుడో మొదలైంది. ఎందుకు ఆనిస్తున్నావురా అని తనని తాను అడక్కుండా తప్పించుకు తిరిగాడు, అంతే. ఆయనకి పెద్ద చదువు లేదు, వెనకేసుకున్నదీ లేదు. పరువైనా పనైనా ఆ చెయ్యే. సంగతి బయటపడితే ల్యాబు ఓనరు ఆ కిటికీ పక్క బల్ల ఇంకొకరికి ఇస్తాడు. ఆసుపత్రికి వెళితే డాక్టరు దానికో పేరు పెడతాడు. పేరు పెట్టనంతకాలం అది ఉత్త అలసటే అని మాస్టారు గట్టిగా నమ్మాలనుకున్నాడు. భయపడ్డ మనిషి ఎంత తెలివితక్కువ మాటనైనా నమ్ముతాడు.

ఆ నెలలోనే భార్యకి కొత్త కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని మురిసిపోతూ నిలబడితే ఫోటో తీశాడు. షరా మామూలే, మసక. అయితే ఫోటో కింద 'సరిచెయ్యి' అని ఓ బటన్ కనబడింది. నొక్కాడు. ఏదో గిర్రున తిరిగింది, చూస్తుండగానే మసకంతా విడిపోయి మొహం తేటపడింది. మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గబగబా తీసుకెళ్ళి చూపించాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. "ఎవరండీ ఈవిడ?"

"నువ్వేనే."

"నా గడ్డం మీద మచ్చేదీ? కళ్ళకింద ముడతలేవీ? ఎవరో నా వేలువిడిచిన చెల్లెలిలా ఉంది. దీని అసలుది ఏదీ?"

"అసలుది పోయింది," అని అబద్ధమాడాడు. ఆవిడ ఆయన మొహంకేసి చూసి, ఫోను పట్టుకున్న చేతికేసి చూసి, టీ గ్లాసులు సర్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ బటన్ మాస్టారికి కొండంత అండ అయింది. ఇక సెట్లను ఫోటో తియ్యడం, సరిచెయ్యడం, పంపడం. డాక్టర్లందరూ బాగుందనేవారు. పాల బూత్ నడిపే పెద్దావిడ సెట్టు చేసినప్పుడు మాత్రం, కింది దవడ అంచు అరగదీస్తుంటే చెయ్యి జారింది. మిషను చిన్న గంటు పెట్టింది. మెరుగుపెట్టి పోగొట్టాననుకున్నాడు. ఫోటో మసకగా వచ్చింది. సరిచేస్తే అంచు వెన్నలా, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా వచ్చింది. వేలు పెట్టి ఓసారి తడిమితే తెలిసిపోయేది. తడమలేదు. ఆయనకి ఫోటోనే నమ్మాలనిపించింది. 'ముత్యాల్లా ఉన్నాయి మాస్టారూ' అని ఆ పెద్దావిడని చూసే డాక్టరమ్మ నుంచి జవాబొచ్చింది.

కొద్దిరోజులకి డాక్టరమ్మ ఫోను చేసి రమ్మంది. క్లినిక్కులో కుర్చీలో పెద్దావిడ బుగ్గ పట్టుకుని కూర్చుంది. నోరు తెరిపించి చూపిస్తే, చిగురు మీద పుండు ఎర్రగా కమిలిపోయి ఉంది. తింటున్నది గంజీ పాలేనట. బేరాలకి గొంతెత్తడం కూడా మానేసిందట.

"ఫోటోలో అంచు నున్నగా ఉంది మాస్టారూ. మీ చేతిపని కదా అని నేను తడిమైనా చూడలేదు," అంది డాక్టరమ్మ. ఆ మాట మాస్టారికి చెంపదెబ్బలా తగిలింది.

"తెచ్చేటప్పుడు దారిలో ఎక్కడో తగిలినట్టుందండి," అన్నాడు. ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది.

పెద్దావిడ అడ్డుపడింది. "ఆయన్నేమీ అనకమ్మా. పళ్ళు బాగానే ఉన్నాయి. నా నోరే అచ్చిరాలేదు. ముసలి నోరు కదా నాయనా, అలవాటు కావాలి."

మాస్టారు చెయ్యి చాచి సెట్టు తీసుకున్నాడు. తను ఫోనుని తిట్టినట్టు, ఆవిడ తన నోటిని తిట్టుకుంటోంది. సెట్టుని జేబురుమాల్లో చుట్టుకుని, సరిచేసి తెస్తానని చెప్పి బయటపడ్డాడు. ల్యాబు వైపు తిరగలేదు. ఇంటికి పోయాడు.

భార్య వాకిట్లో బట్టలు తీస్తోంది. ఆయన ఏమీ చెప్పకుండా రుమాలు విప్పి చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఏ కట్టుడుపళ్ళనీ ముట్టుకున్నది లేదు, అసహ్యం. ఇవాళ మాత్రం చూపుడువేలితో అంచంతా మెల్లిగా తడుముతూ పోయి ఒకచోట ఆగింది.

"ఇక్కడ."

"నా చెయ్యి వణుకుతోందే," అన్నాడు మాస్టారు. అన్నాక, మింగలేక కక్కలేక ఇన్నాళ్ళూ మోసినదంతా ఒక్కపెట్టున బయటికొచ్చింది. షాపతని మాటా, బటన్ సంగతీ, పెద్దావిడ పుండూ, ఆడిన అబద్ధమూ అన్నీ చెప్పి, గుమ్మంలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆవిడ పక్కన కూర్చుంది. "ఎప్పటినుంచో మీకు టీ గ్లాసు సగమే నింపి ఇస్తున్నాను. ఎందుకే అని ఒక్కసారన్నా అడిగారా?"

ఆయన తలెత్తి చూశాడు. అడగలేదు. సగం గ్లాసు తాగుతూ, టీ ఒలకడం లేదు కాబట్టి తగ్గుముఖం పట్టిందనే అనుకున్నాడు.

"మీరు చెప్తారని చూశాను. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్దాం," అంది. "ఆ పెద్దావిడకి మాత్రం ఇప్పుడే నిజం చెప్పండి. పాపం, తన నోరే మంచిది కాదనుకుంటోంది."

మాస్టారు ఫోను తీసి, అంచు వెన్నలా ఉన్న ఆ ఫోటో తెరిచాడు. కింద 'అసలు ఫోటోకి వెళ్ళు' అని ఉంది. నొక్కాడు. తేటదనమంతా ఒక్కసారిగా చెదిరిపోయి మసక తిరిగొచ్చింది. డాక్టరమ్మకి దాన్నే పంపాడు. కింద మాటలు కొడుతుంటే ఒక అక్షరానికి ఇంకో అక్షరం పడుతోంది.

"ఇలా ఇవ్వండి, నేను కొడతాను."

"వద్దు. నేనే కొట్టాలి."

చెరిపీ చెరిపీ ఎట్టకేలకి పూర్తిచేశాడు. 'డాక్టరమ్మగారూ, నేను తీసిన ఫోటో ఇది. ఇంతకుముందు పంపింది యాప్ దిద్దింది. సెట్టు దారిలో ఎక్కడా తగల్లేదు. పెద్దావిడ నోట్లో ఏ లోపమూ లేదని చెప్పండి. నా చెయ్యి వణుకుతోంది.'

డాక్టరమ్మ చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. ఇద్దరూ ఆ ఫోనుకేసే చూస్తూ కూర్చున్నారు. వాకిట్లో తీగమీద మిగిలిన బట్టలు అలాగే ఉండిపోయాయి. కాసేపటికి ఫోను మోగింది. చూస్తే డాక్టరమ్మ కాదు, యాప్.

'ఈ ఫోటో మసకగా ఉంది. తీసేయమంటారా?'

మాస్టారు 'ఉంచు' మీదికి బొటనవేలు పోనిచ్చాడు. గురి తప్పి పక్కన ఖాళీలో పడింది. భార్య ఆయన మణికట్టు పట్టుకుంది కానీ, వేలు మాత్రం తను కదపలేదు. రెండోసారి తగిలింది.