జున్నుపాల మీద రాహేలు లొల్లి

రాహేలు గెలిచిన లొల్లి ఒకటి నా కళ్లారా చూశాను. బాలనర్సింహ కొట్టంలో ఈనిన బర్రె దూడ మూడో రోజున తెల్లగా నీళ్లలా పారుకొని చచ్చిపోయింది. ఆ ఏడు అతనికది నాలుగో దూడ. దిష్టి తగిలిందని, ఎదురింటి ఆడవాళ్ల కళ్లు మంచివి కావని గల్లీ నడుమ నిలబడి అరుస్తున్నాడు. పనికి పోతున్న రాహేలు ఆగింది. పిలవని చోట ఆగడం ఆమెకు పుట్టుకతో వచ్చిన రోగం.

"నర్సింహన్నా, నీ కొట్టంల దిష్టి ఎప్పుడు జూసినా రెండో దినమో మూడో దినమో తగుల్తది. నెల దాటిన దూడ ఆ కండ్లకు కనబడదా ఏంది?" అన్నది.

గల్లీ అంతా నవ్వింది. అతను లోపలికి పోయాడు. ఆమె గెలిచింది. గెలిచి ఏం బావుకుంది? ఆ రోజు నుంచి ఏ కొట్టం వాళ్లూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. కిరస్తానీ అని ముందే దూరం పెట్టినవాళ్లకు ఇంకో సాకు దొరికింది. నేనూ అందులో ఉన్నాను, దాచేదేమీ లేదు.

ఇది ఎనభై, ఎనభై ఒకటి నాటి మాట. ఆమె మొగుడు ఇశ్రాయేలు పశువుల రోగాలు పరీక్ష చేసే సర్కారు ఆఫీసులో అటెండరు. అతను పోయాక ఆ నౌకరీ ఈమెకు ఇచ్చారు. గాజుపలకలు కడగడం, సీసాలు ఉడకబెట్టడం, రక్తం తీయడానికి పెంచే గుర్రానికి గడ్డి వేయడం ఆమె పని. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆమెకు తన పేరు కూడా రాయరాదు. అయినా మెడ ఎత్తి నడిచేది. దగ్గరికి వస్తే ఫినాయిల్ వాసన. మనిషి ముఖం మీద నవ్వు నేను చూడలేదు.

నా బర్రెకు వరసగా రెండు దూడలు పోయాయి, రెండూ ఆ పారుడు రోగంతోనే. దూడ లేకపోతే బర్రె పాలు చేపదు, పొదుగులోకి దించదు. రెండోసారి దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెట్టాను. పది రోజులు మోసపోయింది, పదకొండో రోజు తన్నింది. పత్తర్‌గట్టి చాయ్ హోటళ్లకు పాలు పోస్తేనే మా పొయ్యి వెలిగేది. మళ్లీ చూడి కట్టింది గానీ, ఈ దూడ కూడా పోతే ఆ బర్రెను కసాయికి తోలడం తప్ప దారి లేదు. అది గల్లీలో అందరికీ తెలుసు.

గడ్డిదూడ ఇంకా నిలబడి ఉన్న రోజుల్లోనే దాన్ని మా కొట్టం గోడ మీది నుంచి చూసి రాహేలు, "మంచి పని జేసినవక్కా, దీనికి పారుడు రోగం రాదు" అన్నది. నా చేతిలో పేడ ఉంది. విసరలేదంటే నా మంచితనం.

ఆమె పోలేదు. గోడ అవతలే నిలబడి నన్ను అడగడం మొదలుపెట్టింది. దూడకు మొదటి పాలు ఎప్పుడు తాగిస్తావని. ఈనిన బర్రెకు కడుపులోని మాయ పడ్డాక, అన్నాను. మాయ పడకముందే దూడ చీకితే ఆ మాయ తిరిగి బర్రె కడుపులోకి ఎక్కిపోతుందని మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ల అత్త. మరి జున్ను ఎవరికి అని అడిగింది. దేవుడికి, పదిహేను ఇళ్లకు. నా చేతి జున్ను కోసం చార్మినార్ నుంచి మనుషులు వచ్చేవారు, అది కూడా చెప్పాను.

"అయితే దూడలను సంపుతున్నది నువ్వే," అన్నది.

నా నోటికి వచ్చిందంతా అన్నాను. ఆమె విని, అయిపోయాక మొదలుపెట్టింది.

"ఆ రోగం పురుగుకు ఒళ్లంత సన్న నూగు ఉంటదక్కా. దూడ పేగు గోడకు ఒక తీరు చక్కెర ఉంటది. నూగు పోయి గా చక్కెరనే పట్టుకుంటది. పట్టు దొరకలేదనుకో, పేడతోని కొట్టుకపోతది. దొరికిందా, ఆడనే కాపురం బెట్టి దూడ ఒంట్లె నీళ్లన్ని గుంజుతది. పుట్టిన నాలుగు దినాలు ఆ పట్టు గట్టిగ దొరుకుతది, తర్వాత తగ్గుతది. జున్నుపాలు ముందుగాల పోతే ఆ నూగును కప్పేస్తయి. నువ్వేమో మాయ కోసం కూసుంటవ్. పురుగు కూసోదు."

నువ్వు చూశావా ఆ నూగును, అని అడిగాను. నూగును పెద్ద మిషనులో దొరలు చూశారట. ఆమె చూసింది వేరే. గాజుపలక మీద గుర్రం రక్తం చుక్క, దాని పక్కన పురుగుల నీళ్ల చుక్క వేసి కలిపితే రక్తం రవ్వరవ్వగా ముద్ద కట్టేదట. రక్తం మీద కూడా అలాంటి చక్కెరే ఉంటుందట, నూగు దాన్ని పట్టుకొని అన్నింటినీ కలిపేస్తుందట. డాక్టరు దొర వంగి చూడకముందే ఏది ముద్ద కట్టిందో తను చెప్పేసేదట. గొప్పలు.

ఏడాది తిరిగాక ఈనే రోజు వచ్చింది. పగలు రెండు గంటలకు దూడ పడింది, పెయ్యదూడ. మాయ పడలేదు. నేను పొదుగు కడిగి దూడ నోరు చన్నుకు అందించాను. రాహేలును నమ్మి కాదు. మాయ ఎక్కిపోతే ఆమెను నలుగురిలో నిలదీసి, ఆ మెడ వంచుదామనే ఎక్కువ ఉండింది నా మనసులో. దూడ కడుపునిండా తాగింది. పొద్దు గూకకముందే మాయ పడింది. ఎప్పుడూ పడేదానికన్నా ముందే పడింది, నాకు ఇంకా మండింది.

ఆ మొదటి రెండు రోజుల పాలు ఒక్క చుక్క బయటికి పోనివ్వలేదు. జున్ను ఏదని ఇరుగుపొరుగు మూతులు ముడిచారు. పిసినారినన్నారు. పడ్డాను. మూడో రోజు దూడ పేడ చూశాను, గట్టిగానే ఉంది. నాలుగో రోజు తోక ఎత్తి ఉరికింది. వారం దాటింది. బర్రె పాలు చేపింది.

నేను రాహేలుకు కబురు చేయలేదు. ఎందుకు చేస్తాను? తనే వచ్చింది, పని దిగి, గోడ దగ్గరికి. దూడను చూసింది. నేను చెప్పలేదా అంటుందని కాచుకొని కూర్చున్నాను, జవాబు కూడా తయారుగా పెట్టుకున్నాను. అనలేదు.

"ఈ గల్లీల ఇంక మూడు బర్రెలు ఈనేటివి ఉన్నయక్కా," అన్నది. "నేను చెప్తే మాయ పడ్డంక గూడ పాలు తాపరు, నా మీది కోపానికి. నువ్వు పోయి చెప్పు. మీ అత్త చెప్పిందను, కలల దేవుడు చెప్పిండను, ఏమన్నా అను. నా పేరు మాత్రం తియ్యకు."