రుక్కమ్మ పక్క సీటు

రుక్కమ్మ ఏనాడూ ఒక్క టికెట్ తీసుకోదు. తనకు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్, పక్కన కూర్చున్న భర్తకు డబ్బులిచ్చి ఇంకో టికెట్. చిక్కల్లా ఒకటే, ఆ పక్కన ఎవరూ ఉండరు.

అలియాబాద్ ఊరవతల ఒక తోటకు ఆమె కావలి. బస్సులో ఆమె భర్తను చూసినవాళ్లు లేరు. వినోద కండక్టర్‌గా తొలి బస్సు డ్యూటీకి వచ్చిన రోజు, పొలాల మధ్య స్టాపులో పొగమంచులోంచి ఆకుకూరల గంప, దాని కింద ఒక ముసలి ముఖం తేలుకుంటూ వచ్చాయి.

"మెల్లగ ఎక్కు," అంది రుక్కమ్మ వెనక్కి తిరిగి.

వినోద పక్కకు జరిగింది. ఎవరూ ఎక్కలేదు. చల్లగాలి మాత్రం లోపలికొచ్చింది.

"రెండో టికెట్ ఎవరికవ్వా?"

"మా లింగానికి."

"యాడున్నడు?"

రుక్కమ్మ జాలిగా చూసింది. "కనవడ్తలేడా? కండ్లు సూపిచ్చుకో బిడ్డా."

వారం తిరిగేసరికి బస్సులో ఉండే పదిమందీ వెనక సీట్లలో ఒకరినొకరు అతుక్కుని కూర్చోసాగారు. సూరారం ఫ్యాక్టరీకి పోయే ఒకాయన ధైర్యం చేసి ఆ సీట్లో కూర్చున్నాడు. "మా ఆయన ఒళ్లె కూసుంటివేందయ్యా!" అని రుక్కమ్మ అరిచింది. ఆయన శామీర్‌పేటలోనే దిగి షేర్ ఆటో ఎక్కాడు. చెరువు దగ్గర మంచు అద్దాలను కమ్మేస్తే, వినోదకు ఆ సీట్లోంచి దగ్గు వినిపించినట్టయ్యేది. తిరిగి చూస్తే ఖాళీ.

ఏడు నెలలు ఇలాగే గడిచాయి. అప్పుడు డిపోలో చెప్పారు: ఎక్కేవాళ్లు లేరు, లోటు పూడ్చే దారి లేదు, ఛార్జీలు పెంచినా గిట్టదు, వచ్చే నెల నుంచి ఈ ట్రిప్ రద్దు.

ఆ సంగతి చెబుదామని వినోద తోటకు వెళ్లింది. మామిడిచెట్ల నీడలో గుడిసె. లోపల మంచం మీద దుప్పటి కదిలింది. అదే దగ్గు. తెల్లటి తల ఒకటి మెల్లగా పైకి లేచింది.

"ఎవరు నువ్వు?" అంది వినోద.

"లింగాన్ని."

వినోద కేక తోట దాటింది. జడుసుకుని లింగం కూడా కేకపెట్టాడు.

"గట్ల మొత్తుకుంటరేంది?" అంటూ రుక్కమ్మ ఉరికొచ్చింది.

"ఈయన సచ్చిపోయిండు గద!"

"గట్లని నేనెప్పుడన్న?"

"మరి గా టికెట్లేందవ్వా?"

రుక్కమ్మ తల దించుకుంది. తోటలో పనిచేసే కూలివాడి కూతురు అంకిత నర్సింగ్ చదువుకు ఆ బస్సులోనే పోతుంది. ఆ వేళకు ఇంకో బస్సు లేదు.

"ఎక్కెటోళ్లు తక్కువైతే బస్సు బంద్ జేస్తరని డ్రైవర్ అన్నడు. తల్లి లేని పిల్ల, సదువు ఆగిపోదా? ఉత్తగ పైసలిస్తే నువ్వు తీస్కోవు. మనిషిని సూపియ్యాలె. ఈయనకేమో మోకాళ్లు లేస్తలేవు."

"ఒక్క టికెట్‌తోని బస్సు నడుస్తదా అవ్వా?"

"నాతోనైంది ఒక్కటే బిడ్డా."

ఆ ఆదివారం ఊరి మీటింగులో వినోద ఇదంతా చెప్పింది. అందరూ పగలబడి నవ్వారు. తర్వాత ప్లాట్ల వ్యాపారం చేసే ఇందిరమ్మ లేచింది.

"కనవడనోడు టికెట్ కొంటుండు. కనవడే మనం ఏం జేస్తున్నం? నా వాటా నేనిస్త."

మిగతావాళ్లూ చేతులెత్తారు. ఛార్జీ పెంచకుండా, ట్రిప్ ఆపకుండా ఏడాది లోటు ఊరే భరిస్తుందని రాసిచ్చారు. డిపో ఒప్పుకుంది.

మర్నాడు లింగం కర్ర పట్టుకుని, వినోద భుజం ఆసరాతో నిజంగానే బస్సెక్కాడు. వెనక సీట్లలో ఇద్దరు దేవుణ్ని తలుచుకున్నారు. ఆయన తన సీట్లో కూర్చుని గొణిగాడు. "కిటికీకాడ మస్తు సలి పెడ్తాంది."

"ఏడు నెలలు సప్పుడు జెయ్యక కూసున్నవు," అంది రుక్కమ్మ. "గిప్పుడేందయ్యా నీ నస?"