ఎవర్ని అడిగిన్రు సార్?

ఖాజాగూడలో నేను పాఠాలు చెప్పిన ఇంటర్నేషనల్ స్కూల్లో ఆమె మూడో తరగతి పిల్లవాడి తల్లి. ఆదిలాబాద్ గోండు మనిషి, ఐటీ కంపెనీలో మేనేజరు. ఏ మీటింగుకొచ్చినా మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటూ ఒకటే అడిగేది: "ఎవర్ని అడిగిన్రు సార్?"

ఆదివాసీ దినోత్సవానికి మేము ఘనంగా ఏర్పాట్లు చేశాం. పిల్లలకు ఆకుల లంగాలు, అట్ట బల్లేలు, కూకట్‌పల్లిలో కిరాయికి తెచ్చిన నెమలి ఈకల టోపీలు. అడవికి లోటు రానిస్తామా.

"ఆ టోపీ మాకు దేవునితో సమానం సార్. దండారి పండుగకు పూజ చేసినంకనే పెట్టుకుంటరు. ఎవర్ని అడిగిన్రు?"

"డ్యాన్స్ మాస్టర్‌ని అడిగామండి," అన్నారు ప్రిన్సిపాల్. "ఆయన ఇంటర్నెట్లో అంతా చూశారు."

అంతకన్నా పెద్దమనిషి ఇంకెవరుంటారు.

డ్యాన్సు అయ్యాక పిల్లలను ఫోటోకి నిలబెట్టాం. ఆమె వేదికెక్కి, కొడుకు నెత్తిమీది టోపీని రెండు చేతులతో మెల్లగా తీసింది. ఫోటోగ్రాఫర్ కెమెరా దించాడు.

"మేడం, జర పక్కకు జరుగుతరా? ఆదివాసులు కనబడ్తలేరు."

ఆమె కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు జరిగింది. ఫోటో చక్కగా వచ్చింది. ఆ ఏడాదంతా మా బడి ఆమెను అడిగింది అదొక్కటే.